ఆకాశరామన్న సంతకం

పుష్ప మామగారు రమణమూర్తికి పోర్టు ఉద్యోగం అయిపోయి ఆరేళ్ళయింది గానీ ఇంట్లో ఉద్యోగం ఒకటి మిగిలే ఉంది. అది ఉత్తరాలు డబ్బాలో వెయ్యడం. ఎవరు రాసినా, ఎవరికి రాసినా, చిరునామా రాసి అంటించిన ఉత్తరం ఇంట్లో కంటపడితే చాలు. పొద్దున్నే నడకకి వెళ్ళేటప్పుడు దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, రైల్వే గేటు పక్కనున్న ఎర్రడబ్బాలో వేసి వస్తాడు. ముప్పై ఏళ్ళు ఓడలకి సరుకెత్తించిన మనిషి. వెళ్ళాల్సిన సరుకు రేవులో ఆగిపోతే ఆయనకి అన్నం సయించదు.

ఈ సంగతి పుష్పకి తెలియనిది కాదు. తెలిసి కూడా రాత్రి తను రాసిన ఉత్తరాన్ని టీవీ మీద పెట్టింది. విశాఖ గాలికి ఇన్‌లాండు కవరు జిగురు ఏనాడూ పట్టదు కనక, అన్నం మెతుకులు మెదిపి అంటించి, తెల్లారేసరికి ఆరుతుందిలే అనుకుంది.

తెల్లారేసరికి బాగానే ఆరి ఉంటుంది. టీవీ మీద మాత్రం లేదు.

"మావయ్యా, ఇక్కడ నీలం కవరొకటి ఉండాలి..."

"వేసీసాను కదమ్మా," అన్నాడు రమణమూర్తి కాఫీ ఊదుకుంటూ. "ఆరింటికే వేసీసాను. రాసింది రాసి టీవీ మీద పడీస్తే అదెలగ ఎల్తాది? అయినా అడ్రసు అంత వంకరటింకరగా రాసావేటి? పోస్టుమేను కూడా మనిషే కదా, సదవొద్దూ?"

పుష్ప టీవీ స్టాండు పట్టుకుని అలాగే నేలమీద కూర్చుంది.

ఇదంతా సాహిత్య శిబిరం పుణ్యం. ఆ ఏడాది, అంటే తొంభై ఎనిమిది మే నెలలో, మహారాణిపేటలో ఓ గ్రంథాలయం హాల్లో రచయితలకీ టీచర్లకీ కలిపి మూడు రోజుల శిబిరం పెట్టారు. రచయితలు వాళ్ళంతట వాళ్ళు వచ్చారు. టీచర్లని బడివాళ్ళు పంపించారు. కంచరపాలెంలో ఓ ప్రైవేటు హైస్కూల్లో ఆరో తరగతికీ ఏడో తరగతికీ తెలుగు చెప్పే పుష్పని హెడ్మాస్టరు పైడిరాజు గారు పిలిచి, "నువ్వెలాగా వారపత్రికలో రెండు కథలు రాసావు కదమ్మా, నువ్వెళ్ళు," అన్నారు. ఎండల్లో వెళ్ళడానికి మిగతావాళ్ళెవరూ ఒప్పుకోలేదన్న మాట ఆయన చెప్పలేదు, ఆవిడ అడగలేదు.

పాఠం చెప్పడానికి విజయవాడ నుంచి సాయిశంకర్ అని ఒకాయన వచ్చాడు. ఒకే విషయాన్ని ఉత్తరంగా, డైరీగా, అర్జీగా, రేడియో ప్రసంగంగా ఎలా రాయాలో మొదటి రోజంతా చెప్పి, సాయంత్రం చీటీలు పంచాడు. ఎవరికి ఏ ప్రక్రియ వస్తే అది ఇంటి దగ్గర రాసుకు రావాలి. పుష్ప చీటీలో 'ఆకాశరామన్న ఉత్తరం' అని ఉంది. ఊరూ పేరూ లేకుండా ఒకడి మీద ఇంకొకడికి చాడీలు మోసే ఉత్తరం.

"నిజం ఇన్‌లాండు కవరు మీదే రాయండి," అన్నాడు సాయిశంకర్. "ఎడమ చేత్తో రాయండి. చిరునామా మీకు తెలిసిన అసలు చిరునామా పెట్టండి. లేకపోతే రాసేవాళ్ళకి భయం పుట్టదు. భయం లేని ఆకాశరామన్న ఉత్తరం ఉప్పులేని పప్పు. అంటించి తీసుకురండి, రేపు ఒకరివి ఒకరం చింపి చదువుకుందాం."

పుష్ప పప్పులో ఉప్పు కాస్త ఎక్కువే వేసింది. తనకి బాగా తెలిసిన అసలు చిరునామా బడిదొక్కటే. అందుకని బడి యజమాని అయిన కరస్పాండెంటు గారికి రాసింది. ఎవరి మీద రాయాలా అని ఆలోచిస్తే, జన్మలో ఏ తప్పూ చెయ్యడని ఊరంతా నమ్మే మనిషి మీద రాస్తేనే కదా పస అనిపించి, పైడిరాజు మాస్టారి మీద రాసింది. మార్చిలో మన బడిలో పడిన పదో తరగతి పరీక్ష సెంటర్లో, మీ హెడ్మాస్టరు బిట్ పేపరు జవాబులు నీళ్ళ ట్యాంకు వెనక గోడ మీద సుద్దముక్కతో రాసిపెట్టాడనీ, పిల్లలు దాహమని ఒక్కొక్కళ్ళే లేచి వెళ్ళి చదువుకొచ్చారనీ, ఆఖర్న ఆయనే తడిగుడ్డతో తుడిచేశాడనీ రాసింది. అప్పుడు పుష్ప సెలవులో ఉంది. పరీక్ష హాలు మొహమే చూడలేదు. అంతా పొయ్యి మీద పాలు పొంగకుండా చూసుకుంటూ అల్లిన అల్లిక. తడిగుడ్డ దగ్గరకొచ్చేసరికి తనకే నవ్వొచ్చింది.

ఇప్పుడు రావడం లేదు. కరస్పాండెంటు ముందు పీకేసి తర్వాత అడిగే రకం. కిందటేడు ఓ ఆయమ్మని గంట ఆలస్యంగా కొట్టిందని పంపించేశాడు. మాస్టారికి రిటైర్మెంటు రెండేళ్ళుంది. ఆయన్ని నిలబెట్టి ఈ ఉత్తరం చదివితే? పోలీసులకిస్తే? ఎడమ చేతి రాత ఎవరిదో ఇవాళ కాకపోతే రేపు తేలుతుంది. శిబిరంలో ఇరవై రెండు మందికి తెలుసు, ఆ చీటీ ఎవరికి వచ్చిందో.

చీర కుచ్చిళ్ళు సరిగ్గా దోపుకోకుండానే పుష్ప వీధిలో పడింది.

ఎర్రడబ్బా దాని చోటున అది కడుపు నింపుకుని నిలబడి ఉంది. తొమ్మిదిన్నరకి తీస్తారని దాని మీద రేకు ముక్క చెబుతోంది. తొమ్మిదీ పది అయింది. పుష్ప డబ్బా నోట్లో వేళ్ళు దూర్చి చూసింది. గాజులు అడ్డం పడ్డాయి. గేటు దగ్గర ఆగిన లారీవాళ్ళు చూస్తున్నారని చెయ్యి తీసేసుకుని, ఎవరికోసమో చూస్తున్నట్టు నిలబడింది. ఎదర గూడ్సు బండి వెళ్తూనే ఉంది. ఒక్కో పెట్టె దాటుతున్నప్పుడల్లా మాస్టారి మొహమే కనపడుతోంది.

పోస్టుమేను అబ్బులు సైకిలు దిగి తాళం తీసి, ఉత్తరాలు సంచిలోకి దులిపాడు. వాటి మధ్య నీలం కవరు, దాని మీద వంకర రాత, పుష్ప కళ్ళారా చూసింది.

"అదిగో అబ్బులూ, అదే! అది నాదే. పొరపాటున పడింది. ఇచ్చీ బాబూ."

అబ్బులు సంచి మూతి గట్టిగా బిగించాడు. "ఓలమ్మ, ఎంత మాట! డబ్బాలో పడ్డాక మీదేటి మేడం? గవర్మెంటుది."

"రాసింది నానే కదా!"

"రాసీవరకే మీది. నాను మీకిచ్చీసాననుకోండి, రేపు నా ఉజ్జోగం మీరిత్తారేటి? పోస్టాఫీసుకి రండి. మేడమున్నారు. ఆవిడతో సెప్పుకోండి. పదకొండింటికి సంచి కట్టేత్తారు, బేగీ రండి."

అతను సైకిలెక్కాడు. పుష్ప వెనకాల నడిచింది. నడిచిందనడం మర్యాద; పరిగెత్తింది.

పోస్టుమాస్టరు సీట్లో రామలక్ష్మమ్మ గారుంది. ముక్కు చివర కళ్ళజోడు, చేతిలో తపాలా ముద్ర. పుష్ప చెప్పిందంతా గుద్దడం ఆపకుండానే వింది.

"వెనక్కి తీసుకోవచ్చు. రూలుంది. దరఖాస్తు రాయాలి. ఎవరికి రాసారు?"

పుష్ప చెప్పింది.

"ఫ్రమ్ అడ్రసు?"

పుష్ప గొంతు తగ్గించింది. "ఆకాశరామన్న అనండి."

గుద్దడం ఆగింది. రామలక్ష్మమ్మ కళ్ళజోడు తీసింది. "ఊరు?"

"ఆకాశం."

"పిన్‌కోడు?"

"రాయలేదండి."

"రాయరు," అంది ఆవిడ. "ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆకాశరామన్న తన ఉత్తరం తనకి కావాలని కౌంటరు దగ్గరికి రావడం ఇదే చూడ్డం. సరే. ఆకాశరామన్న మీరేనని రుజువేంటి? సాయంత్రం ఇంకెవరో వచ్చి, కాదు నేనే ఆకాశరామన్ననంటే నేనేం చెయ్యాలి?"

"శిబిరంలో రాయమన్నారండి. అది నిజం ఉత్తరం కాదు. అభ్యాసం."

"స్టాంపు ముద్ర పడ్డాక అభ్యాసమని ఉండదమ్మా. కవరు మీద చిరునామా ఎలా రాసారో, అదే చేతిరాతతో ఈ కాగితం మీద రాసివ్వాలి. రెండూ కలిస్తే ఇస్తాను. కింద మీ అసలు పేరు, ఇంటి చిరునామా, సంతకం."

పేరు దాచుకోవడానికే పుట్టిన ఉత్తరం. దాన్ని వెనక్కి తీసుకోవాలంటే పేరు రాసి సర్కారు దస్త్రంలో పెట్టాలి. పుష్ప కాగితం తీసుకుంది. కంగారులో కుడి చేత్తోనే రాసేసింది. రామలక్ష్మమ్మ సంచిలోంచి తీసిన కవరుని పక్కన పెట్టి చూసింది.

"ఇదేమో ముత్యాల కోవ. అదేమో సిరాలో పడ్డ తేలు నడిచినట్టుంది. కలవలేదు."

"ఎడం చేత్తో రాసానండి అది."

"అయితే ఎడం చేత్తోనే రాయండి."

వరసలో పదిమంది దాకా పోగయ్యారు. మనియార్డరు కోసం వచ్చిన ముసలమ్మ ఒకర్తె కౌంటరు మీదకి వంగి మరీ చూస్తోంది. "ఏటి, పరీచ్చేటి?" అని పక్కామెనడిగింది. పుష్ప పెన్ను ఎడమ చేతిలోకి మార్చుకుంది. రాత్రి ఇంట్లో కులాసాగా కూర్చుని రాస్తే ఆ చెయ్యి వంకరగా అయినా ధైర్యంగా నడిచింది. ఇప్పుడు 'క' రాయబోతే పురుగులా ముడుచుకుపోయింది. మొదటి కాగితం చిరిగింది. రెండోది చెమటకి తడిసింది. గోడ గడియారం పదీ ఇరవై చూపిస్తోంది. మూడో కాగితాన్ని రామలక్ష్మమ్మ కవరు పక్కన పెట్టి, అటు తిప్పి ఇటు తిప్పి, "కొంచెం పోలిక ఉంది," అంది. "కానీ నా ఉద్యోగం పోలికల మీద నడవదు. మిమ్మల్నెరిగినవాళ్ళెవరైనా ఈవిడ ఫలానా అని సాక్షి సంతకం పెట్టాలి."

"ఇక్కడ నన్నెవరెరుగుదురండీ..."

"ఎందుకెరగరు?" అన్నాడు అబ్బులు ఉత్సాహంగా, ఉత్తరాలు సర్దుతూనే. "అదిగో, మీ హెడ్మాష్టరే వత్తన్నారు."

పుష్ప వెనక్కి తిరగలేదు. గొడుగు మూసిన చప్పుడు, చెప్పులు గడప దగ్గర విడిచిన చప్పుడు, ఆ తర్వాత పైడిరాజు గారి గొంతు వినపడ్డాయి.

"పుష్పమ్మా! శిబిరానికెళ్ళకుండా ఇక్కడేటి సేత్తన్నావు?"

జవాబు రామలక్ష్మమ్మే ఇచ్చింది, కౌంటరంతా వినపడేలా. "మీ టీచరు గారు మీ కరస్పాండెంటు గారికి రాసిన ఉత్తరం వెనక్కి కావాలంటున్నారు. ఈవిడ మీ బడిలో టీచరేనని మీరు సంతకం పెడితే ఇచ్చేస్తాను."

పైడిరాజు గారి చూపు కౌంటరు మీదున్న నీలం కవరు మీద పడింది. వంకర అక్షరాల మీద పడింది. అక్కడి నుంచి కదల్లేదు. "నీకేటి, పిచ్చా?" అంటాడనుకుంది పుష్ప. "కరస్పాండెంటుకి నువ్వేటి రాసావు?" అని గద్దిస్తాడనుకుంది. ఆయన ఏమీ అడగలేదు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. పెన్ను తీసి, చూపించిన చోట సంతకం పెట్టేశాడు. పేరు కింద 'ప్రధానోపాధ్యాయుడు' అని రాయబోయి, సగంలో ఆపేశాడు.

కవరు పుష్ప చేతికొచ్చింది. వచ్చిన క్షణంలోనే మాస్టారు చెయ్యి చాపాడు.

"ఇలగ తే."

"మాస్టారూ, అదొట్టి కథండి. చీటీ తీస్తే వచ్చింది. నా నోట్లో మన్నెయ్య, తమాషాకి..."

"తే అమ్మా."

పోస్టాఫీసు అరుగు మీద సిమెంటు బల్ల ఉంది. ఆయన దాని చివర కూర్చుని, మెతుకుల అతుకు ఊడదీసి చదవడం మొదలెట్టాడు. పుష్ప నిలబడే ఉంది. ఆయన కాళ్ళ మీద పడిపోవాలా, లేక ఇప్పుడే రాజీనామా నోటితో చెప్పేయాలా అని లెక్కలు వేసుకుంటోంది. ఇంట్లో భర్త ఉమామహేష్‌కి ఏం చెప్పాలి? సెలవుల్లో ఉద్యోగం ఎలా పోయిందంటే ఏమనాలి?

చదవడం అయిపోయింది. ఆయన మళ్ళీ మొదటికొచ్చి చదివాడు. చొక్కా చంకల కింద చెమట పెద్ద వలయాలుగా దిగింది.

"ట్యాంకు కాదు," అన్నాడు మెల్లగా.

"ఏటండీ?"

"నీళ్ళ ట్యాంకు ఎనక్కాదు. సైకిల్ స్టాండు గోడ." కాగితం మీంచి తల ఎత్తలేదు. "తుడిసింది తడిగుడ్డతో కాదు. నా తుండుతో. నీకెవరు సెప్పారమ్మా? వాచ్‌మేను సూసాడా?"

ఎండ పెళపెళలాడుతోంది. పాల గిన్నె పక్కన నవ్వుకుంటూ అల్లిన అబద్ధం లేచి నిలబడి, తుండు భుజానేసుకుని పుష్ప ఎదురుగా కూర్చుంది. ఇంతసేపూ ఆ ఉత్తరం వెళ్ళిపోతుందేమోనని ఆవిడ భయం. ఇప్పుడు అది తన చేతిలో లేదు, ఎక్కడికీ వెళ్ళలేదు, అయినా భయం మాత్రం ఇందాకటి కంటే పెద్దదైంది.

"ఎవరూ సెప్పలేదండి. నాకై నానే..."

"నీకై నువ్వే," అన్నాడాయన. నమ్మాడో లేదో తెలియలేదు. "కిందటేడు నూటికి ఎనబై మందే పాసయ్యారని, ఈ ఏడు గేటుకి నూటికి నూరని గుడ్డ కట్టాలన్నాడు. ఎలగ కడతావో నాకు తెలవదు, కట్టాలంతే అన్నాడు. ముప్పై ఏళ్ళు పిల్లల ముందు బోర్డు మీద రాసిన సెయ్యమ్మా ఇది. గోడెనక రాసీసరికి అచ్చరాలు నీ ఎడంసేతి రాతలాగే వచ్చాయి."

"రాయమంది కరస్పాండెంటు గారేనా?"

"మరెవరు? బైటపడితే మాత్తరం నాకేటీ తెలవదు, అంతా హెడ్మాష్టరే అనీసి నన్ను గెంటీసి పోలీసులకిచ్చీస్తాడు. ఎవడో సూసుంటాడు, ఎవడో రాస్తాడు అని మార్చి నుంచి నాకు నిద్దర్లేదు. అందుకే బడి టపా నానే వచ్చి పట్టుకెల్తన్నాను రోజూ. ఆయన కంట పడకముందే నా కంట పడాలని." ఆయన కాగితాన్ని మడిచాడు, విప్పాడు. "ఈ రోజొచ్చింది. అదీ నీది."

పుష్ప బల్ల రెండో చివర కూర్చుంది. ఇద్దరి మధ్యా ఇంకో ఇద్దరు పట్టేంత చోటు.

"అయిపోయింది కదండీ. పరీక్షలు అయిపోయాయి."

"జూన్లో సప్లిమెంటరీ. సెంటరు మళ్ళీ మనకే. నిన్న ఇంటికి పిలిపించాడు. మాష్టారూ, గోడ రెడీయేనా అని నవ్వతన్నాడు." ఆయన కాగితాన్ని మళ్ళీ మడిచాడు. "నోటితో కాదనలేకపోనాను పుష్పమ్మా. ఆయన ఎదట నాకు నోరు రాదు."

ఆ మాటతో ఆవిడ తలెత్తి చూసింది. ఆరో తరగతి పిల్లడు పాఠం అప్పజెప్పలేక నిలబడిన మొహమే అది. అలాంటి మొహం కనపడితే పుష్పకి నోరు ఊరుకోదు.

"నోరు రాకపోతే చేత్తో అనండి," అంది.

అనేశాక అదురుపుట్టింది. కానీ ఆయన అప్పటికే ఆవిడ వైపు తిరిగాడు.

"ఎలగ?"

"ఆయనకే. మీ మీద కాదు, ఆయన మీద. రాయించింది ఎవరో నాకు తెలుసు, జూన్లో మళ్ళీ రాయిస్తే పై వాళ్ళకి రాస్తాను, అని."

"నా రాత ఆయనెరుగును."

"కుడి చేతిది ఎరుగును."

ఆయన లేచి లోపలికెళ్ళి, ఇన్‌లాండు కవరు కొనుక్కుని వచ్చాడు. బల్ల మీద పరిచి, పెన్ను ఎడమ చేతిలోకి తీసుకున్నాడు. పుష్ప అటూ ఇటూ చూసింది. కిటికీలోంచి రామలక్ష్మమ్మ వీపు కనపడుతోంది. ఆ వీపు పక్కనే దస్త్రం, అందులో ఈ రోజు తేదీతో తన పేరు, ఇంటి నంబరు, సంతకం. రేపు కరస్పాండెంటు ఈ పోస్టాఫీసుకొచ్చి, వంకర రాత వాళ్ళెవరైనా ఇక్కడికొచ్చారా అని అడిగితే, ఆ దస్త్రం తెరిచి చూపిస్తే చాలు.

"మాస్టారూ, దరఖాస్తు మీద నా సంతకముందండి."

"సాచ్చి సంతకం నాది," అన్నాడాయన. "ఎలగ మొదలెట్టాలి? మహారాజశ్రీ అనా?"

"అయ్యా అంటే చాలండి. మీ శ్రేయోభిలాషి అని పరిచయం చేసుకోవాలి. చాడీలన్నీ శ్రేయోభిలాషులే చెప్తారని నిన్న శిబిరంలో చెప్పారు."

"శ్రేయోభిలాషి ఎడంసేత్తో రావటం లేదమ్మా."

"రాకపోయినా ఫర్లేదు. తప్పులుంటేనే నమ్ముతారు."

తెలుగు ఎమ్మే చదివిన మనిషి, జన్మలో మొదటిసారి తప్పు రాయడానికి తంటాలు పడ్డాడు. రెండు చోట్ల అలవాటు కొద్దీ దిద్దబోతే పుష్ప చెయ్యి అడ్డం పెట్టింది. 'సైకిల్ స్టాండు' అన్నచోట ఆగిపోయాడు. అది రాస్తే తనూ అందులో ఉన్నట్టే. కాసేపు పెన్ను గాలిలో ఉంది. తర్వాత రాశాడు. రాసినంతసేపూ పుష్ప అరుగు మెట్ల వైపు చూస్తూ కాపలా కాసింది. సైకిలు గంట వినపడ్డ ప్రతిసారీ లేచి నిలబడింది. ఒకసారి తెల్లకారొకటి వీధి మలుపు తిరిగితే, కరస్పాండెంటు కారేననుకుని కవరు మీద కొంగు కప్పేసింది. అది పెళ్ళివారి కారు.

పోస్టాఫీసు గోడకే డబ్బా ఉంది. ఇద్దరూ దాని ముందుకొచ్చి నిలబడ్డారు. పైడిరాజు గారు మొదటి ఉత్తరాన్ని, పుష్ప రాసినదాన్ని, నాలుగు ముక్కలు చేసి జేబులో వేసుకున్నాడు. రెండోదాన్ని డబ్బా నోటి వరకూ తెచ్చాడు. అక్కడ ఆయన చెయ్యి ఆగింది.

"నీకు బయమేస్తందా?"

"వేస్తందండి."

"ఇది పడ్డాక తగ్గుతాదంటావా?"

పుష్ప నిజమే చెప్పింది. "తగ్గదండి."

ఆయన తలూపాడు, పాఠం అర్థమైన పిల్లవాడిలా. వేళ్ళు వదిలాడు. లోపల కాగితం రాలిన చప్పుడు అంత చిన్నదని ఇద్దరూ అనుకోలేదు.

వెనకాల కిటికీలోంచి అబ్బులు తల బయటికి పెట్టాడు.

"మేడమ్! అది కూడా ఎనక్కి కావాలంటే పదకొండులోపు రావాల. తరవాత మాసేతిలో ఉండదు!"

లోపల గోడ గడియారంలో పదీ యాభై అయింది. పైడిరాజు గారు గొడుగు విప్పాడు. పుష్ప చెప్పులేసుకుంది. ఇద్దరూ ఆ పది నిమిషాలూ అరుగు కిందే నిలబడ్డారు, లోపలికి వెళ్ళకుండా, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా.